ఇసుక దంతె

నా చేతికిచ్చింది పొడుగాటి పిడి ఉన్న దంతె.
ఆఖరి రోజు, ఆఖరి జోడీ వెంట నడిచి
వాళ్ళు తొక్కిన ఇసుకని
ఎవరూ తొక్కనట్టు చెయ్యమన్నారు.

మిగతా ఏడాదంతా కూపర్ పక్కన
తొమ్మిది గుంతల చిన్న మైదానంలో గడ్డి కోసేదాన్ని.
మా దగ్గర కుందేళ్ళు ఎక్కువ, సభ్యులు తక్కువ.
ఇక్కడ, సెయింట్ ఆండ్రూస్‌లో,
ఓపెన్ అంటే జాతర.
ఏటా వేసవిలో వస్తుంది, ఏటా ఊరు మారుతుంది.
మళ్ళీ మా తీరానికి చేరేసరికి
అప్పట్లో భుజాల మీద కూచుని చూసిన పిల్లలు
మీసాలతో వస్తారు.

మామూలు ఆదివారాల్లో ఇక్కడ ఆట లేదు.
మైదానానికి సెలవు.
కుక్కల్నీ, తోపుడు బండ్లలో పసివాళ్ళనీ తీసుకుని
ఊరు ఊరంతా పచ్చిక మీదికి నడిచొస్తుంది.
ఈ ఒక్క ఆదివారమే
తాళ్ళు కట్టి, ఊరిని ఊళ్ళోనే
అవతల నిలబెడతారు.

ఈ బంకర్లని ఎవరూ తవ్వలేదంటారు.
సముద్రపు గాలికి తాళలేక
గొర్రెలు ఒరిగి ఒరిగి ఒళ్ళు దాచుకున్న చోట
నేల గుంటపడిందట.
నిజమో కాదో.
దిగిన ప్రతిసారీ మాత్రం
చెవుల దగ్గర గాలి టక్కున ఆగిపోతుంది.

పొద్దున టీ గుడారంలో గెడ్డీస్ కనిపించాడు,
కప్పు మీద పేరు చెక్కే మనిషి.
కప్పంటే కప్పేం కాదు, వెండి కూజా.
మా వంటింటి పాలజగ్గుకి పెద్దక్కలా ఉంటుంది.
గెలిచినవాడు ఏడాది ఉంచుకుని తిరిగిచ్చెయ్యాలి,
పేరు మాత్రం దాని మీదే ఉంటుంది.
"వాళ్ళు చేతులు కలుపుకుని వచ్చేలోపు
చెక్కడం అయిపోవాలి" అన్నాడు.
"తుడిస్తే పోయే పని కాదు."
నాది తుడిచే పనే అన్నాను.
ఇద్దరం నవ్వాం. బిస్కట్లు మెత్తబడి ఉన్నాయి.

పదిహేడో గుంత.
ఒక్క దెబ్బ ముందున్న మెకెవిట్ బంతి
పచ్చిక అంచున కాస్త తటపటాయించి,
అలిగిన పిల్ల గదిలోకి పోయినట్టు
రోడ్డు పక్క బంకర్లోకి జారింది.
ఎదురుగా నిలువెత్తు మట్టిగోడ.
బంతి ఎక్కడ పడితే అక్కణ్ణుంచే కొట్టాలి.
ఈ ఆట మొత్తంలో
మా నాన్న నాకు రెండుసార్లు చెప్పిన నియమం అదొక్కటే.

మొదటి దెబ్బ.
గోడకి తగిలి కాళ్ళ దగ్గరికే వచ్చింది.
రెండోదీ అంతే.
వేలమంది ఊపిరి బిగబట్టుకుని ఉంటే
ఒక సముద్రకాకి తన గోల తనదిగా అరుస్తోంది.
మూడోసారి జెండాకి వీపు తిప్పి
వచ్చిన దారివైపే కొట్టాడు.
బంతి బయటపడింది.

అతను ఎక్కిపోయాక నేను దిగాను.
ఇసుక నిండా అతనే.
మెలితిరిగిన మడమలు, మూడు పెద్ద గోతులు,
ఒకచోట మోకాలు.
ఒక అడుగు మరీ లోతుగా ఉంది,
అక్కడే నిలబడి ఏదో అనుకున్నట్టున్నాడు.
చెరపబుద్ధి కాలేదు.
నియమం నియమమే. చెరిపాను.
వెనక్కి నడుస్తూ, నా అడుగుల్ని కూడా దువ్వుకుంటూ
పైకొచ్చాను.

గెలిచింది మార్లో.
పసుపు బోర్డు మీద బడిపిల్లలు
ఒక్కో అక్షరం చేత్తో నెడుతుంటే
చప్పట్లు సముద్రం దాకా పోయాయి.

సాయంత్రం గెడ్డీస్ చెవిలో చెప్పాడు,
పదిహేడో గుంత దగ్గరే తెగించి
మొదటి అక్షరం చెక్కేశాడట.
ఇద్దరి ఇంటిపేర్లకీ మొదలు అదేగా!
ఆ కాసేపూ వెండి మీద
ఎవరిదీ కాని ఒక 'ఎమ్'
ఒంటరిగా మెరుస్తూ కూచుందట.

సోమవారం తాళ్ళు విప్పుతున్నారు.
బోర్డు మీద "వచ్చే ఏడు కలుద్దాం" అన్నదాంట్లో
"వచ్చే" అప్పటికే పెట్టెలోకి వెళ్ళిపోయింది.
పొగమంచులోంచి గోధుమరంగు కుక్క ఒకటి
నిన్న నేను దువ్విన ఇసుకలోకి దిగి,
మూడు చుట్లు తిరిగి,
గాలి తగలని మూల చూసుకుని పడుకుంది.

దంతె బండిలో ఉంది.
నేను తియ్యలేదు.